నాలుగో రీలు

జనవరి 9, మంగళవారం. నోంగ్‌ఫాయ్ ఊరు.

నాలుగో రీలు పోయింది. దొంగలెత్తుకుపోలేదు, డబ్బాలోనే ఉంది. మూత తీస్తే పులిసిపోయిన కల్లు వాసన గుప్పుమంది. ఫిల్మంతా ఒకదానికొకటి అంటుకుని ముద్దయింది. లారీ నడిపే ఉన్ మామ గోటితో గీకి చూసి, దీన్ని ఉడకేసుకు తినడం తప్ప ఇంకేం చెయ్యలేం అన్నాడు.

ఆరు రీళ్ళ బొమ్మ ఇది. ఏ దేశంవాళ్ళు తీశారో, ఎప్పుడు తీశారో మాకు తెలియదు. పేర్లు పడే ముక్క మా చేతికి రాకముందే తెగిపోయింది. పెద్ద పట్నాల్లో ఎవడూ చూడక మూలపడేసిన ఇలాంటి సాహసాల బొమ్మలే మా బండికి చేరతాయి. వెడల్పాటి దవడల తెల్లదొర ఒకడు గుర్రమేసుకుని అడవులు పట్టి తిరుగుతుంటాడు. అతనికి క్రైసోన్ అని పేరు పెట్టింది నేను. బొమ్మకి 'పులికనుమ వీరుడు' అని పేరు పెట్టిందీ నేనే. అతని మాటలు, అతని ప్రియురాలి ఏడుపు, దొంగల నాయకుడి బొంగురు నవ్వు, గుర్రం సకిలింపు, అన్నీ బొమ్మ ఆడుతుండగా మైకులో నా ఒక్క గొంతులోంచి రావాలి.

మూడో రీలు చివర క్రైసోన్ పొట్టలో బాణం దిగుతుంది. కడుపు పట్టుకుని ఏట్లో పడిపోతాడు. ఐదో రీలు మొదలయ్యేసరికి గుర్రం మీద దౌడు తీస్తుంటాడు. వాడెలా బతికాడో చూపించాల్సిన నాలుగోది ముద్దయి కూర్చుంది.

మేం బొమ్మ ఆపి, దీపాలు వేసి మందు అమ్మేది ఎప్పుడూ మూడో రీలు తర్వాతే. ఎర్ర తాబేలు మార్కు కడుపునొప్పి మందు. బొమ్మ ఊరికే చూపిస్తాం. కానీ కొన్ని సీసాలు అమ్ముడుపోతేగాని తర్వాతి రీలు ఎక్కదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇవాళ మైకు ముందు కూర్చున్నాక నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. క్రైసోన్ ఏట్లో పడ్డాక, తెర నల్లబడ్డాక కూడా నేను ఆపలేదు. అతని గొంతులోనే, మూలుగుతూ అన్నాను: "ఒడ్డున ఉన్న చెల్లీ... ఆ ఎర్ర తాబేలు సీసా ఇటివ్వు. చిన్నప్పుడు మా అమ్మ నాకిచ్చింది ఇదే." గటగటా తాగిన చప్పుడు చేశాను. "ఆహా, మంట తగ్గింది. నా గుర్రమేదీ?"

జనం ఊగిపోయారు. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయేమో, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పెట్టెల్లో ఒక్క సీసా మిగల్లేదు. ఐదో రీల్లో క్రైసోన్ గుర్రం మీద రాగానే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా ఈలలు వేశారు.

ఇదంతా నేను లారీలో మైకు ముందు కట్టిన పరదా సందులోంచి చూశాను. పట్నం హాళ్ళలో అయితే గొంతిచ్చేవాళ్ళ పేర్లు బొమ్మ పేరుకంటే పెద్దగా రాస్తారు. మా బండి దగ్గర అలా కాదు. పనిలో చేరినరోజే బండికీ మందుకీ యజమాని షావుకారు హెంగ్ నన్ను ఎగాదిగా చూసి, "నీ గొంతు మన మందుతో బాగుపడినట్టుంది, నీ ఒళ్ళు ఆ మందే దొరకనట్టుంది. నిన్ను చూస్తే నా సరుకెవడు కొంటాడు? పరదా దాటి రాకు" అన్నాడు. ఊళ్ళో ఎవరైనా అడిగితే జనరేటరువాణ్ణని చెప్పాలి. నా పేరు విరోట్. ఈ బండి మీద అందరికీ చేపముల్లునే.

జనవరి 11

షావుకారు జీపులో వచ్చి స్వయంగా విన్నాడు. నాలుగో రీలు పాడవడం మన అదృష్టం అన్నాడు. పొలం పనులు మొదలయ్యేలోపు ఇదే ఊపు మీద ఉంటే, వచ్చే ఏడు పట్నంలో తన బావమరిది హాల్లో నన్ను పెట్టిస్తానన్నాడు. బోర్డు మీద పేరు కూడా రాయిస్తాడట. చేపముల్లని కాదు, విరోట్ అని.

ఈ ఆలోచన నాకెలా వచ్చిందని ఉన్ మామ అడిగాడు. అద్దె పుస్తకాల పుణ్యం అన్నాను. సంతల్లో అద్దెకిచ్చే కౌబాయ్ డిటెక్టివ్ నవలలు నా దగ్గర ఎప్పుడూ రెండు మూడుంటాయి. ఎడారి ఊళ్ళో హత్య, టోపీ పెట్టుకుని గుర్రం మీద వచ్చే డిటెక్టివు. పది చేతులు మారి వస్తాయి కాబట్టి చివరి పేజీలు ఎప్పుడూ ఉండవు. హంతకుడెవడో నేనే తేల్చుకోవాలి. పదిహేనేళ్ళుగా అదే అలవాటు. ఎక్కడ ఖాళీ కనిపించినా నింపకుండా నా బుర్ర ఊరుకోదు.

జనవరి 12

ఈ ఊళ్ళో ముసలాయన ఒకడు సీసా కళ్ళకద్దుకున్నాడు. నవ్వొచ్చింది.

జనవరి 16, మంగళవారం.

వాపసు దారిలో నీళ్ళు పట్టుకోడానికి నోంగ్‌ఫాయ్‌లో ఆగాం. బువలై అనే ఒకావిడ రెండు ఖాళీ సీసాలు పట్టుకొచ్చి ఇంకా కావాలంది. మొగుడు లేడు, ఒక్కతే కూతురు. ఎవరికని అడిగితే కూతురికే అంది. ఆ పిల్ల పేరు ఫికున్. నాలుగు రోజులుగా కడుపునొప్పి.

జనరేటరువాణ్ణని చెప్పుకుని ఇంటికి వెళ్ళి చూశాను. ఆ రోజు లేచి చప్పట్లు కొట్టిన పిల్లే. నిట్టాడి గుంజ పక్కన ముడుచుకుని పడుకుని ఉంది. కుడివైపు కింద చెయ్యి వెయ్యనివ్వడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. మా తమ్ముడికి ఇలాగే వస్తే కోసి పేగు తీశారు.

ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాను. ఆమె వినలేదు. మొగుణ్ణి అక్కడికి తీసుకెళ్ళి శవాన్ని తెచ్చుకుందట, అందుకని భయం. చెప్పడం వరకే నా పని. ఆ పిల్ల కన్నతల్లి ఆమె, నేను కాదు. నా తప్పేముంది.

జనవరి 17

డోన్‌హాయ్ ఊరొచ్చాం. నోంగ్‌ఫాయ్‌కి కోసెడు దూరం కూడా లేదు. ఇక్కడ రెండు రోజులు ఆట.

ఆ మందులో చెడ్డదేం లేదు. వేలమంది తాగారు. ఎవరూ చావలేదు. అసలు లోపల ఏముందో నాకేం తెలుసు, నేను మాటలు చెప్పేవాణ్ణి. చెప్పాను కదా ఆసుపత్రికి తీసుకెళ్ళమని. వినలేదు.

నవల చేతిలో పట్టుకున్నాను కానీ ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను.

ఇవాళ్టి ఆటలో కూడా క్రైసోన్ సీసా అడిగి తాగాడు.

జనవరి 18, ఉదయం

ఈపాటికి తగ్గే ఉంటుంది. తగ్గకపోతే ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు.

జనవరి 19, శుక్రవారం. జిల్లా ఆసుపత్రి వరండా.

బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పిల్లని లోపలికి తీసుకెళ్ళి రెండు గంటలైంది. ఉన్ మామ లారీలో నిద్రపోతున్నాడు. ఏదో ఒకటి రాయకపోతే కూర్చోలేను. రాస్తే మంగళవారం సంగతి రాయాలి. ఆ రోజు రాసింది నిజం కాదు. అంటే సగం నిజం.

ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పిన మాట నిజమే. నేనా మాట అన్నప్పుడు గుడిసెలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అయిదారుగురున్నారు. నాకు దగ్గు తెర వచ్చింది. ఒకావిడ, "ముందు నువ్వా సీసా తాగవయ్యా, తర్వాత మాకు వైద్యం చెబుదువుగాని" అంది. అందరూ నవ్వారు. బువలై నవ్వలేదు. తన భయమంతా చెప్పింది. మొగుడి శవాన్ని ఎడ్లబండిలో తెచ్చుకున్న సంగతి, అక్కడ తన యాస డాక్టర్లకీ, వాళ్ళ వైద్యం మాటలు తనకీ అర్థం కాని సంగతి. పిల్ల కూడా ఇంకే మందూ ముట్టడం లేదట. క్రైసోన్ లేచాడు, నేనూ లేస్తా అంటోందట. తర్వాత బువలై నా వైపు తిరిగి అడిగింది:

"మీ బండిలో బొమ్మకి గొంతిచ్చే ఆయన ఉంటాడు కదన్నా. ఆయన్ని ఒక్కసారి పిలుచుకురా. ఆయన ఇదే మాట చెబితే ఈ క్షణమే పిల్లని ఎత్తుకెళతాను."

పిలుచుకురావడానికి అడుగు కూడా వెయ్యక్కర్లేదు. నోరు తెరిచి ఒక్క మాట ఆ గొంతులో అంటే చాలు. కానీ నేను, "ఆయన ఊళ్ళో లేడు. ముందే పట్నం వెళ్ళిపోయాడు" అన్నాను. అని, ఇంకో రెండు సీసాలు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. డబ్బు తీసుకోలేదు. అది మంచిపని చేశానని లారీ ఎక్కేదాకా అనుకుంటూనే ఉన్నాను.

లోపల ఏముందో నాకు తెలియదని కూడా రాశాను. తెలుసు. వానాకాలంలో పని లేనప్పుడు గోదాములో లేబుళ్ళు అతికించింది నేనే. సగం సారా, బెల్లం పాకం, కాస్త కర్పూరం, ఏవో బెరళ్ళు. రెండు మూతలు తాగితే పెద్దాళ్ళకే తల తిరుగుతుంది, నొప్పి తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్లకి నొప్పి తగ్గినట్టే ఉంటుంది. లోపల జరిగేది లోపల జరిగిపోతుంటుంది.

నిన్న సాయంత్రం రెండో రీలు మారుస్తుండగా బువలై తమ్ముడు వచ్చాడు. పరిగెత్తి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. మందు పెట్టెల దగ్గర నిలబడి నాలుగు సీసాలు అడుగుతున్నాడు. ఉన్ మామ పిల్ల ఎలా ఉందని అడిగితే, పొట్ట గట్టిపడి ఉబ్బిందని, పొద్దున్నుంచి ఏడవడం కూడా మానేసిందని చెప్పాడు. పరదా వెనక నాకు ప్రతి మాటా వినబడింది.

మూడో రీలు నడుస్తున్నంతసేపూ ఏం మాట్లాడానో గుర్తులేదు. దొంగల నాయకుడికి ప్రియురాలి గొంతు పెట్టేశాను. జనం అది హాస్యమనుకుని నవ్వారు. షావుకారు జీపు వేపచెట్టు కింద ఆగి ఉంది. బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు, నా గొంతు వినిపించడానికి. బోర్డు మీద నా పేరు ఎలా ఉంటుందో నిన్నటిదాకా రోజూ ఊహించుకున్నాను. ఎర్ర అక్షరాలు, కింద పసుపు గీత.

క్రైసోన్ కడుపు పట్టుకుని ఏట్లో పడ్డాడు. తెర నల్లబడింది. దీపాలు వెలిగించారు. సీసా అడగాల్సిన చోటు వచ్చింది.

క్రైసోన్ ఎప్పుడూ రాజధాని భాషే మాట్లాడతాడు. వీరులు ఊళ్ళలో మాట్లాడుకునే యాసలో మాట్లాడరు. నిన్న ఆ యాసలోనే మాట్లాడించాను. "నాకా సీసా వద్దు. అది తాగి నేను బతకలేదు. నన్ను ఆసుపత్రికి మోసుకెళ్ళి పొట్ట కోయించారు. అందుకే రేపు గుర్రం ఎక్కుతున్నాను. నోంగ్‌ఫాయ్ బువలై తమ్ముడూ, వింటున్నావా? మీ అక్కకి క్రైసోన్ చెప్పాడని చెప్పు. ఫికున్‌ని ఇప్పుడే తీసుకెళ్ళమని చెప్పు. ఈ లారీయే వస్తోంది, ఎక్కమను."

బొమ్మలోని మనిషి పక్కూరి పిల్లని పేరు పెట్టి పిలిచేసరికి కొందరు ముసలమ్మలు చేతులు జోడించారు. షావుకారు జీపులోంచి దిగి లారీ వైపు రావడం చూశాను. ఉన్ మామ వెంటనే ప్రొజెక్టరు దింపించి, తెర గుంజలు అలాగే లారీలో పడేసి, ఇంజను తిప్పాడు. షావుకారు ఏదో అరుస్తున్నాడు కానీ ఆ మోతలో వినబడలేదు.

నోంగ్‌ఫాయ్‌లో బువలై ఎదురు ప్రశ్న వెయ్యలేదు. తమ్ముడు వాకిట్లోంచే కేకేశాడు, "అక్కా, క్రైసోన్ చెప్పాడు" అని. ఆ ఒక్క మాటకి ఆమె దుప్పటి తీసి పిల్లని చుట్టేసింది. మూడు రోజులు నేను కూడబెట్టుకున్న భయాలన్నీ ఆ ఒక్క మాట దగ్గర చిత్తయిపోయాయి. ఇంత తేలికా అనిపించింది. ఇంత తేలికైన పని చెయ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది.

లారీ వెనక ఖాళీ సీసాల పెట్టెల మధ్య చాప వేసి పిల్లని పడుకోబెట్టాం. తమ్ముడు ముందు కూర్చున్నాడు. రోడ్డు సరిగా లేదు, ఎత్తేసినప్పుడల్లా పిల్ల మూలుగుతోంది. కళ్ళు తెరవడం లేదు. ఒకచోట జ్వరం మైకంలో వాళ్ళమ్మని అడిగింది, మిగతా బొమ్మ ఏమయిందని. నేనే చెప్పాను, క్రైసోన్ గొంతులో, మెల్లగా. పులికనుమ దాటాను ఫికున్, అవతల ఆసుపత్రి ఉంది, ఇంకో రెండు మలుపులు, గట్టిగా పట్టుకో, నా గుర్రం కాస్త ఎగురుతుంది అని. ఊరొచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. పిల్ల చెయ్యి గాల్లో తడుముకుంటే నా వేలు అందించాను.

బువలై ఎదురుగా కూర్చుని నా నోరు చూస్తోంది.

జనవరి 20

బతుకుతుందని డాక్టరు చెప్పాడు. పేగు లోపలే పగిలి చీము పట్టిందట. రెండు మూడు రోజుల ముందు తెచ్చి ఉంటే అరగంట పని అన్నాడు. ఇప్పుడు పొట్టకి గొట్టం పెట్టి మూడు వారాలు ఉంచాలట. తర్వాత కూడా ఏడాదిపాటు బరువులు ఎత్తకూడదట. ఆయన ఈ మాట బువలైతో అంటుంటే పక్కనే ఉన్నాను. రెండు మూడు రోజుల ముందు అన్నప్పుడు నేల వైపు చూశాను.

మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. తిడతాడనుకున్నాను. అరటిపళ్ళు తెచ్చాడు. లోపలికెళ్ళి పిల్లని చూసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నీ మీద కోపం లేదురా చేపముల్లూ. మా ఇంట్లోనూ పిల్లలున్నారు. కానీ రేపు ఇంకో ఊళ్ళో నీ క్రైసోన్ మళ్ళీ ఏం మాట్లాడతాడో నాకేం తెలుసు? డోన్‌హాయ్‌లో కొన్నవాళ్ళంతా సీసాలు తెచ్చి నా జీపు ముందు పడేశారు." నన్ను తీసేశాడు. నాకు బాధేమీ కలగలేదు. కలిగింది. బోర్డు కోసం కలిగింది. ఆ పిల్ల పొట్టకి గొట్టం పెట్టుకుని పడుకుని ఉంటే నేను ఎర్ర అక్షరాల కోసం బాధపడ్డాను, ఇది కూడా రాయాలి.

నోంగ్‌ఫాయ్‌లో ఆడిన రోజు నుంచి డోన్‌హాయ్ చేరేలోపు చుట్టూ తిరిగినవి అయిదు ఊళ్ళు. అన్నిచోట్లా క్రైసోన్ తాగాడు. సీసా కళ్ళకద్దుకున్న ముసలాయన ఏ ఊరివాడో గుర్తు తెచ్చుకోవాలి.

జనవరి 21

ఉన్ మామ ఆ ఊళ్ళకి వెళ్ళి చెబుతానన్నాడు. వద్దు, నేనే వెళతానన్నాను. "ఏ గొంతుతో చెబుతావు?" అన్నాడు. ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. ఉన్న గొంతుతోనే అన్నాను.

జనవరి 23, మంగళవారం.

ఈ పొద్దు బయల్దేరాలి. చెప్పిపోదామని వెళితే బువలై వరండాలోకి వచ్చింది. జిగురన్నం బుట్ట తెచ్చి మధ్యలో పెట్టింది. పులిసిన చేపల ఊటలో ముద్ద అద్ది నాకిచ్చింది. తిన్నాక అడిగింది.

"ఆ రోజు ఆయన ఊళ్ళో లేడన్నావు."

"అన్నాను."

"నువ్వే కదా."

"నేనే."

"మరి ఎందుకన్నావన్నా అలా?"

ఈ ప్రశ్న వస్తుందని నాలుగు రోజులుగా జవాబులు సిద్ధం చేసుకున్నాను. షావుకారు పరదా దాటొద్దన్నాడని చెప్పొచ్చు. పని పోతుందని భయపడ్డానని చెప్పొచ్చు. రెండూ అబద్ధం కాదు. కానీ ఆమె ముఖం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు.

"మీరందరూ నవ్వుతారని" అన్నాను. "క్రైసోన్ అంటే ఈ మనిషా అని నవ్వుతారని."

రాస్తుంటే కూడా చెవులు కాలుతున్నాయి. ఒక పిల్ల ప్రాణానికి ఎదురుగా నేను పెట్టింది అది. అయిదారుగురు ఆడవాళ్ళ నవ్వు.

బువలై బుట్టకి మూత పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండు అనుకున్నాను. చివరికి ఆమె అంది: "పిల్ల మెలకువ వచ్చినప్పటి నుంచీ లారీలో క్రైసోన్ తన పక్కన కూర్చున్నాడనే చెబుతోంది. చెయ్యి పట్టుకున్నాడట. దానికి ఆయనంటే ప్రాణం. నువ్వేనని దానికి చెప్పకన్నా. నేనూ చెప్పను."

సరేనన్నాను.

వెళ్ళేముందు ఒక్కసారి చూసుకుంటానని అడిగి లోపలికెళ్ళాను. ఫికున్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహంలో కాస్త రంగు వచ్చింది. నన్ను చూసి జనరేటరు మామా అని పిలిచి, క్రైసోన్ ఏ దారిన వెళ్ళాడో చూశావా అని అడిగింది. లారీలో అంత దగ్గరగా విన్న గొంతు, ఇప్పుడు నోరు తెరిస్తే గుర్తుపడుతుంది. కిటికీ వైపు చెయ్యి చూపించాను. ఆ పిల్ల అటు తిరిగి చూస్తుండగా బయటికి వచ్చేశాను.